పేరున్న మూల

"పాత ఫిల్ము ఏమన్నా ఉందా అమ్మా?" అని కోలారు డాక్టరమ్మ అడగ్గానే దాక్షాయణి లేదని చెప్పడానికి నోరు తెరిచింది. పక్క కుర్చీలో మామ నాగేంద్రప్ప కూర్చుని ఉన్నాడు. పెళ్లయిన రెండేళ్లుగా ఆమె కడుపులో దాచుకున్న మాట అదొక్కటే, దాన్ని ఆయన ముందు ఒప్పుకుంటే ఆ ఇంట్లో తన బతుకు ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు.

డాక్టరమ్మ ఎక్స్‌రేని వెలుగు పెట్టెకు తగిలించి వేలు పెట్టి చూపించింది. కుడివైపు పైన, మెడ ఎముక కింద, కందిగింజంత తెల్ల మచ్చ.

"ఇది కొత్తదైతే టీబీ మందులు మొదలుపెట్టాలి. కఫం పరీక్షలో ఏమీ దొరకలేదు. ఐదో నెల కడుపుతో ఉన్నదానికి గుడ్డిగా మందులు ఇవ్వలేను. నెలన్నరగా ఈ దగ్గు, మనిషివి చూస్తే పుల్లలా అయిపోయావు, అలాగని వదిలేయలేను. తేల్చుకోవాలంటే సి.టి. స్కాన్ తీయాలి. ఇది పాతదైతే, ఎప్పుడో మానిపోయిన గాయం తాలూకు మచ్చ అయితే, ఏ స్కానూ అక్కర్లేదు. చిన్నప్పటి ఫిల్ము ఒక్కటుంటే రెండూ పక్కపక్కన పెట్టి చూసి ఇంటికి పంపేస్తాను."

"స్కాను తీస్తే కడుపులో బిడ్డకు..." అంది దాక్షాయణి, పొట్ట మీద చెయ్యి వేసుకుని.

"ఛాతీకి తీసేదమ్మా. బిడ్డకు తగిలేది చాలా తక్కువ. ఎంత తక్కువైనా అవసరం లేనిది ఒక్కటి కూడా తియ్యకూడదని నా పద్ధతి. మొన్న ఈ ఎక్స్‌రే తీసేటప్పుడు నీ కడుపు మీద సీసం గుడ్డ కప్పించింది అందుకే కదా?"

ఆ గుడ్డ బరువు దాక్షాయణికి ఇంకా గుర్తే. పోయినేడు మూడో నెలలో ఒక బిడ్డ పోయింది. ఎందుకు పోయిందో ఎవరూ చెప్పలేదు. చెప్పకపోయేసరికి ఆమె కారణాలు తానే వెతుక్కుంది, బిందె ఎత్తడం మొదలుకొని తుమ్మడం దాకా అన్నిటినీ అనుమానించింది. ఈసారి అనుమానించడానికి ఇంత పెద్ద యంత్రమే వచ్చి కూర్చుంటోంది. మామ ఏమనుకుంటే అది అనుకోనీ అనుకుంది.

"ఉండె డాక్టరమ్మా. ఏడేండ్లప్పుడు టీబీ అని మందులు మింగించినారు. అప్పుడు తీసిన ఫిల్ము మాయమ్మ కాడ ఉండాది."

నాగేంద్రప్ప తల తిప్పి కోడలి వైపు చూశాడు.

"అయితే తెచ్చుకోండి. సోమవారం దాకా ఆగుతాను. ఫిల్ము మీద పేరూ తేదీ ఉండాలి సుమా. లేకపోతే అది ఎవరి ఛాతీయో, ఎప్పటిదో నాకెలా తెలుస్తుంది?" అంది డాక్టరమ్మ.

పుట్టింటి ఊరు బేతమంగళకు పోయే బస్సులో సగం దూరం దాకా నాగేంద్రప్ప కిటికీలోంచి రాగి చేలు చూస్తూ కూర్చున్నాడు. ఆండర్సన్‌పేటలో వెండి సామాన్ల కొట్టు నడిపే మనిషి, ఊళ్లో మాటకు నిలబడతాడని పేరు. అలాంటివాడు అలిగితే అరవడు, ఒక్కొక్క మాటా తూకం వేసి కొడతాడు.

"పిల్లను చూడను వచ్చినప్పుడు మీయమ్మ ఏమన్నిందో గ్యాపకం ఉండాదా? మా బిడ్డకు తలనొప్పి అంటే ఏందో కూడా గొత్తు లేదన్నా అనె. నేను నమ్మితిని."

"తప్పే మామా. నన్ను ఏమన్నా అనండి. మొదట ఆ ఫిల్ము చేతికి రానీండి."

ఆయన మళ్లీ కిటికీ వైపు తిరిగాడు. అరిచినా ఇంత బాధ ఉండదనిపించింది ఆమెకు.

విశాలమ్మ బేతమంగళలో బస్సులు ఆగేచోట చిల్లరకొట్టు పెట్టుకుని, మొగుడు లేకుండా ఒంటరిగా కూతుర్ని పెంచిన మనిషి. కూతురూ వియ్యంకుడూ చెప్పా పెట్టకుండా దిగేసరికి సంబరపడిపోయి సోడాలు కొట్టబోయింది. ఫిల్ము మాట వినగానే సోడా సీసా పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"అది లేదే" అంది.

"లేదంటే? ట్రంకుపెట్టెలో అడుగున ఉండె కదమ్మా!"

"వీళ్లు నిన్ను చూడను వస్తా ఉండారని కబురొచ్చిన దినం తీసేసినా. పొయ్యిలో పెడితే కాలకుండా మెలికలు తిరిగి ఒకటే కంపు. ఇంగ ఏం చేసేది? ఎవురి కంట్లోనన్నా పడితే నీ బతుకు ఏమయితాదని పాతసామాన్ల గుజిరీకి ఏసేసినా."

"ఏ గుజిరీ వాడికి?" అన్నాడు నాగేంద్రప్ప.

"మన చిక్కవెంకటప్పకే అన్నా. పాత పేపర్లతో కలిపి తక్కెట్లో పెట్టినా."

నాగేంద్రప్ప కొట్టు అరుగు మీద కూలబడ్డాడు. దాక్షాయణి ఆయన ముఖం చూసి అర్థం చేసుకుంది. చిక్కవెంకటప్ప ఇంటింటా తిరిగి ఎత్తుకొచ్చే ఎక్స్‌రే ఫిల్ములన్నీ చేరేది ఈ చుట్టుపక్కల ఒకే ఒక్క ఇంటికి. అది ఆమె అత్తవారిల్లు.

ఎక్స్‌రే ఫిల్ము మీద పూసిన నలుపులో వెండి ఉంటుంది. ఇక్కడి బంగారు గనుల్లో పనిచేసినవాళ్లకు రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరిందేమో చూడటానికి ఏటేటా ఛాతీకి ఎక్స్‌రేలు తీసేవారు. ఎప్పుడో పరిహారం వస్తుందన్న ఆశతో వాటిని పెట్టెల్లో దాచుకున్నారు. గనులు మూతపడ్డాక ఆ ఆశా పోయింది. ఇత్తడి బిందెలతో పాటు అవీ అమ్మకానికి వచ్చాయి. నాగేంద్రప్ప పెరట్లో పీపా పెట్టి, వేడి కాస్టిక్ సోడా నీళ్లలో ఫిల్ములు ముంచి, దిగిన నల్ల బురదను ఆరబెట్టి మూసలో కరిగిస్తే అడుగున వెండి బిళ్ల మిగులుతుంది. తప్పుడు వ్యాపారమేమీ కాదు. తన కోడలి ఛాతీ కూడా ఆ దారినే వస్తుందని ఎవరు కలగన్నారు?

"ఇప్పుడు కడగని సంచులు చానా ఉండాయి. దాంట్లో ఉన్నా ఉంటాది. కానీ పేరు లేకపోతే..." అన్నాడు ఆయన.

విశాలమ్మ లోపలికి పరుగెత్తి దేవుడి గూట్లోని కుంకుమ భరిణె తెచ్చింది. మూత తీసి కుంకుమలోంచి రెండు వేళ్ల వెడల్పున్న నల్లటి ముక్క బయటికి లాగి కొంగుతో తుడిచింది. దాని మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాల్లో దాక్షాయణి పేరు, వయసు, తేదీ ఉన్నాయి.

"పేరు మాత్రం కోసి పెట్టుకున్యానన్నా. ఆడబిడ్డ పేరు తీసకపోయి గుజిరీలో ఎట్ల ఏసేది? మనసు రాలే" అని ఏడ్చింది.

దాక్షాయణికి తల్లిని చూస్తే ఒళ్లు మండిపోయింది. ఆ మరుక్షణమే జాలేసింది. బొమ్మను తూకానికి వేసి పేరును దేవుడి గూట్లో పెట్టి రెండేళ్లు పూజ చేసింది మహాతల్లి. ఆ ముక్క అంచు తిన్నగా లేదు. మొద్దు కత్తెర మధ్యలో జారి, ఒకచోట పంటిగాటులాగా లోపలికి తిరిగింది.

"మూల తెగిన చిన్న ఫిల్ము వెతకాల. రా అమ్మా, పొద్దు ఉండంగానే వెతకాల" అన్నాడు నాగేంద్రప్ప. ముగ్గురూ దొరికిన మొదటి బస్సే ఎక్కారు.

ఆండర్సన్‌పేట ఇంట్లో అత్త అంబుజమ్మ సంగతంతా విని గుండె మీద చెయ్యి వేసుకుంది. వియ్యపురాలిని నిలబెట్టి కడిగేసింది. "రోగం పిల్లను అంటగట్టి పోతివి కదా వదినా! ఒక బిడ్డ పోయింది కూడా దీనికేనేమో, ఎవురికి తెలుసు!" అంది. విశాలమ్మ తల వంచుకుని వింటూ ఉంది. దాక్షాయణి మొగుడు కృష్ణప్ప కొట్టు మూసి వచ్చాడు. చొక్కా విప్పి, మొదటి గోనెసంచి మూతి తాడు కోశాడు.

ఆ పూట, మర్నాడంతా పెరట్లో ఎండకెత్తి ఫిల్ములు చూశారు. ఒక్కొక్కటీ ఒక మనిషి. పక్కటెముకల మధ్య ఇసుక చల్లినట్టు తెల్ల చుక్కలు, ఏడాది ఏడాదికీ చుక్కలు పెరిగి మేఘాల్లా కమ్మినవి, చివరికి ఎముకలే కనిపించనివి. పక్క వీధి మారమ్మ పెనిమిటి ఫిల్ములు వరసగా తొమ్మిదో పదో వచ్చాయి. దగ్గి దగ్గి చచ్చిపోయిన ఆ మనిషిని దాక్షాయణి ఎరుగును. ఆయనవన్నీ పేర్లతో సహా భద్రంగా ఉన్నాయి. అంతా ఉండి ఆయనకు ఏం ఒరిగింది? తనదొక్కటి దొరికితే చాలు, తన బిడ్డ మీద ఆ కిరణాలు పడకుండా పోతాయి. దొరకదే!

పెద్దవాళ్ల ఫిల్ములే సంచుల నిండా. కాళ్లు, చేతులు, పుర్రెలు కూడా వచ్చాయి. చిన్నపిల్లలవి కనబడినప్పుడల్లా అందరి చేతులూ ఆగేవి. మూల చూస్తే తెగకుండా ఉండేది. పక్కన పీపాలో నిన్నటి కాస్టిక్ నీళ్ల ఘాటు ఇంకా పోలేదు. దాక్షాయణికి దగ్గు తెర వస్తే పొట్ట పట్టుకుని వంగిపోయేది. అత్త తిడుతూనే వచ్చి వీపు రాసేది. ఆఖరి సంచి దులిపినప్పుడు దుమ్మూ, ఒక బొద్దింకా తప్ప ఏమీ రాలలేదు.

నాగేంద్రప్ప లేచి, మళ్లీ కూర్చుని, మళ్లీ లేచాడు. అటక వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. దాక్షాయణి అది చూసింది.

"అటక మీద ఏముండాది మామా?"

"ఏమీ లేదమ్మా. కడిగేసిన షీట్లు. పెద్దవి డబ్బాలు చేసేవాళ్లు కొనుక్కొని పోతారు. చిన్నవి ఎవురికీ అక్కర్లేదు. అట్లే పడుండాయి."

"దించండి."

"సుమ్మనే శ్రమ ఎందుకమ్మా? వాటిల్లో బొమ్మ ఉండదు."

"దించండి మామా!" ఆ ఇంట్లో దాక్షాయణి గొంతు ఎత్తడం అదే మొదలు.

కృష్ణప్ప కట్ట దించాడు. లేత నీలం రంగు షీట్లు, అటుపక్క మనిషి ఇటుపక్కకు కనిపించేంత శుభ్రంగా ఉన్నాయి. పంపు కింద ఎంత బాగా తోమాడో నాగేంద్రప్ప, ఒక్క మరక కూడా లేదు. దాక్షాయణి ఒక్కొక్కటే పక్కకు తీసింది. సగం దాటాక ఒకటి వచ్చింది. దాని పైమూల లేదు. తెగిన అంచు మధ్యలో పంటిగాటులాంటి మెలిక ఉంది.

విశాలమ్మ ముక్కను దాని పక్కన పెట్టింది. వెంట్రుక సందు కూడా లేకుండా అతుక్కుంది. పేరు ఉంది, వయసు ఉంది, తేదీ ఉంది. మిగతా షీటంతా ఖాళీ. దాక్షాయణి దాన్ని ఎండకెత్తి చూసింది. ఎముకలు లేవు, మచ్చ లేదు, అవతల పీపా కనిపించింది.

"నా చేత్తోనే కడిగితిని" అన్నాడు నాగేంద్రప్ప.

దాక్షాయణికి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. "మాయమ్మ పేరు కోసింది. మీరు బొమ్మ కడిగినారు. అందరూ నా మంచికే చేసినారు, ఇంటి మంచికే చేసినారు. ఇప్పుడు నా బిడ్డ మీదకి ఆ స్కాను ఎవురు తెచ్చినట్టు? చెప్పండి!" అంది.

సోమవారం నాగేంద్రప్ప ఆ ఖాళీ షీటునూ ముక్కనూ టవల్లో చుట్టుకుని మరీ ఆసుపత్రికి వచ్చాడు. డాక్టరమ్మ దాన్ని వెలుగు పెట్టెకు తగిలించి, ఇది ఏమిటన్నట్టు ఆయన్ని చూసింది. ఆయన జరిగింది దాచకుండా చెప్పాడు.

"కరిగించిన వెండి నా కాడ ఉండాది డాక్టరమ్మా. తిరిగి పూస్తే, ఏదన్నా మందు పోస్తే, బొమ్మ మళ్లీ వస్తాదా?"

అరవై దాటిన మనిషి, వెండి గురించి తనకు తెలియనిది లేదని అనుకునేవాడు, చంటిపిల్లవాడిలా అడిగాడు. డాక్టరమ్మకు కూడా నవ్వు రాలేదు.

"రాదు పెద్దాయనా. ఇంకెప్పుడూ రాదు" అని దాక్షాయణి వైపు తిరిగింది. "ఇక స్కాన్ తప్పదు. నేను రాసి ఇస్తున్నాను, ఫోన్లో కూడా చెబుతాను. ఛాతీ అంతా తియ్యరు, మచ్చ ఉన్నంత మేరే, అతి తక్కువ కిరణాలతో, ఒక్కసారే తీస్తారు. నువ్వు చెయ్యాల్సింది ఒకటుంది. ఊపిరి బిగబట్టమన్నప్పుడు కదలకూడదు. కదిలితే బొమ్మ చెదిరిపోతుంది, మళ్లీ తీయాల్సి వస్తుంది."

"దగ్గు వస్తే?"

డాక్టరమ్మ చీటీ మడిచి ఆమె చేతిలో పెట్టింది. "రాకుండా చూసుకోవాలి తల్లీ" అంది.

స్కాన్ గదిలో చలి. కడుపు చుట్టూ సీసం గుడ్డ కట్టారు. చేతులు తల పైకి పెట్టించారు. బల్ల మెల్లగా ఆ గుండ్రటి సందులోకి జరిగింది. దాక్షాయణి దేవుళ్లను తలుచుకుందామనుకుంది, ఒక్క పేరూ గుర్తుకు రాలేదు. ఎవరిదో గొంతు వినిపించింది. "ఊపిరి తీసుకోండి. బిగపట్టండి."

బిగపట్టింది. అప్పుడే గొంతు లోపల ఒక వెంట్రుక కదిలినట్టయింది. నెలన్నరగా రాత్రింబవళ్లు ఎరిగిన దురద అది. యంత్రం తిరగడం మొదలైంది. దురద పైకి పాకింది. కళ్లలోంచి నీళ్లు కారి చెవుల్లోకి పోతున్నాయి. ఒక్క దగ్గు దగ్గితే హాయిగా ఉంటుంది, ఒక్క దగ్గు దగ్గితే మళ్లీ మొదటినుంచి ఇదంతా బిడ్డ మీద పడుతుంది. నాలుకను పళ్ల కింద పెట్టి కొరికింది. నోట్లో ఉప్పగా తగిలింది. రాకు, రాకు, రాకు అని దగ్గును బతిమాలుకుంది. లోపల బిడ్డ ఒకసారి కదిలింది. నువ్వయినా కదలొద్దే తల్లీ అనుకుంది.

"అయిపోయింది. ఊపిరి వదలండి."

దాక్షాయణి లేచి కూర్చుని అంతసేపూ ఆపుకున్న దగ్గంతా దగ్గింది. గది బయట ఉన్న విశాలమ్మకూ అంబుజమ్మకూ ఆ దగ్గు వినిపించి, ఎప్పుడొచ్చిందో తెలియక ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. మొదటిసారికే బాగా వచ్చిందని స్కాన్ అబ్బాయి వచ్చి చెప్పేదాకా వదల్లేదు.

సాయంత్రం డాక్టరమ్మ కొత్త ఫిల్ము చూసింది. "పాత మచ్చే. సున్నం కట్టి గట్టిపడిపోయింది. ఏడేళ్లప్పటిదే. మందులూ వద్దు, ఏమీ వద్దు."

ఎవరికీ సంతోషించడం చేతకాలేదు. ఈ మాట ఆ పాత ఫిల్ము ఊరికే చెప్పి ఉండేదని అందరికీ తెలుసు.

"బిడ్డకు?" అంది దాక్షాయణి.

"పడింది చాలా కొంచెం. ఏమీ కాదనే నా నమ్మకం. భయం పెట్టుకోవద్దు." చెప్పి, చీటీ రాస్తూ అడిగింది. "మరి ఈ దగ్గు ఎందుకు వస్తున్నట్టు? ఇంట్లో పొగగానీ, ఘాటు ఆవిరిగానీ ఏమన్నా ఉందా?"

నాగేంద్రప్ప టవలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. "పీపా ఉండాది. రేపే తీసేస్తాను" అన్నాడు.

భయం పెట్టుకోవద్దంటే పోతుందా? ఇంకా నాలుగు నెలలు మోయాలి. పుట్టిన బిడ్డ వేళ్లు లెక్కపెట్టుకునేదాకా, నడిచేదాకా, మాట్లాడేదాకా ఆ గుండ్రటి సందు కళ్ల ముందు నుంచి పోదని ఇంటికి వచ్చే దారి పొడుగునా దాక్షాయణికి తెలుస్తూనే ఉంది.

ఇంటికి చేరాక ఆమె కాళ్లు కడుక్కుని వచ్చేసరికి నట్టింట్లో అంబుజమ్మ కొత్త ఫిల్మును కవరులోంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. చేతిలో కొట్టులోని కత్తెర ఉంది. విశాలమ్మ దీపం దగ్గరికి పట్టుకుని చూపిస్తోంది. రెండు రోజుల కిందట ఒకరు తిడితే ఒకరు తల వంచుకున్నవాళ్లు ఇప్పుడు తలా తలా ఆనించి కూర్చున్నారు.

"ఏం చేస్తా ఉండారు?"

"ఏమీ లేదు మే. సీమంతానికి పదిమందీ వస్తారు. పొరపాటున ఎవురి కంట్లోనన్నా పడితే నీకు ఛాతీ రోగం అని ఊరంతా అంటారు. పేరు ఒక్కటి తీసేసి పెడదామని" అంది అంబుజమ్మ. ఆమె గొంతులో కల్మషం లేదు, ప్రేమే ఉంది. అదే దాక్షాయణిని నిలువునా కుదిపేసింది.

వచ్చి కింద కూర్చుని, పేరున్న మూల మీద అరచెయ్యి పరిచింది.

"కోయాలంటే నా చేతి మీద కోయి అత్తా."

"అదేం మాటే!"

"ఇది నా ఒక్కదానిది కాదు. ఈ కిరణాలు పడినప్పుడు లోపల బిడ్డ కూడా ఉండె. ఇంకొకసారి ఎవురన్నా డాక్టరు పాత ఫిల్ము ఉందా అని అడిగితే నేను ఉంది అనాల. పేరుతో ఉంది అనాల. బిడ్డ అడిగినా చూపించాల."

కత్తెర అంబుజమ్మ చేతిలోంచి జారి నేల మీద పడింది. విశాలమ్మ ఆసుపత్రి నుంచి కొంగున కట్టుకొచ్చిన పాత ముక్కను విప్పి కొత్త ఫిల్ము మీద పెట్టింది. దాక్షాయణి రెండింటినీ కవర్లో పెట్టి, తన పెట్టెలో చీరల పైన, తెరవగానే కనిపించేచోట ఉంచింది.